గుండ్లకమ్మ సాక్షిగా...

ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి. 1878 జులై 3న అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. గుమాస్తాలు జాబితాలు చూసి పేర్లు పిలుస్తున్నారు. పిలుపు అందుకున్నవాళ్లు ఒక్కొక్కరుగా నీళ్లలోకి దిగుతున్నారు. బోధకులు వాళ్లను నిలువునా ముంచి లేపుతున్నారు. పొద్దుగూకేసరికి లెక్క తేలింది... 2,222 మంది! ముందురోజు, మర్నాడు తీసుకున్నవాళ్లనూ కలిపితే మూడున్నర వేలు దాటారు. ప్రపంచ క్రైస్తవ చరిత్రలోనే చెప్పుకోదగ్గ బాప్తిస్మాల్లో ఇదొకటి.

ముంచింది తెలుగువాళ్లే

దీనికి కేంద్రబిందువు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. ఆయన మాత్రం ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఆ పని పూర్తిచేశారు.

అది 1876-78 నాటి మహా కరవు తర్వాతి రోజులు. సర్వేయింగు తెలిసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆ ఏడాదికి పైగా కాలంలో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఇక ఉండదని కబురు పంపాడు. అయినా జనం వచ్చారు. 'కూటి క్రైస్తవులు' అన్న విమర్శ మాత్రం తప్పలేదు.

నీళ్లలో ఏముంది?

ముంచడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందే బాప్తిస్మం. మునగడం పాత బతుకును పాతిపెట్టడానికి, లేవడం క్రీస్తుతో కొత్తగా బతకడానికి గుర్తు. కొన్ని సంఘాల్లో పసిబిడ్డల నుదుట నీళ్లు చిలకరిస్తారు. బాప్టిస్టులు మాత్రం ఊహ తెలిసి, తనంతట తాను నమ్మినవాళ్లకే ఇస్తారు. రక్షణ నీళ్లలో లేదు, విశ్వాసంలో ఉందన్నది వారి మాట. మరి మునగడమెందుకు? మనసులోని నమ్మకాన్ని నలుగురి ముందు ఒప్పుకోవడానికి!

ఒప్పుకున్నాక...

ఆ ఒప్పుకోలుకు మూల్యం ఉండేది. వెలంపల్లికి వచ్చినవాళ్లలో అత్యధికులు మాదిగలు. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి వేసిన బాట అది. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు... సంఘంలో చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలివి. జాతరలో డప్పు కొట్టబోమన్నవాళ్లపై ఊరి పెద్దలు కన్నెర్రజేశారు. గుట్టుగా నమ్మి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. నదిలో మునిగింది అందరూ చూశారు కాబట్టే వచ్చింది.

ఇప్పటికీ ఆ ప్రశ్న ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సీగా లెక్కిస్తారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఎస్సీ హోదా దక్కింది కానీ వీళ్లకు దక్కలేదు. అందుకే ఎంతోమందికి సంఘం రిజిస్టరులో పేరు రాయించుకోవడం ఒక పెద్ద నిర్ణయం. మతం మారినా కులం వదలలేదు కదా అని కొందరు, మారాక కులం పేరిట హక్కెందుకని మరికొందరు. వాదన తెగలేదు.

మునిగి లేవడానికి పట్టేది క్షణమే. నలుగురిలో చెప్పిన ఆ మాట మీద నిలబడటానికే జీవితకాలం పడుతుంది.