చెవులు మొలిచిన చిట్టి రైలు

చింతలపూడికి రైలు లేదు. నూజివీడు మామిడి సీమలో ఒక మూలగా ఉన్న ఈ ఊరివారు రైలెక్కాలంటే బస్సులో ఏలూరు చేరుకోవలసిందే. అయినా రైలు మీది మోజుకు పట్టాలతో పనేమున్నది? అగ్గిపెట్టెలను దారంతో ముడివేసి, అరుగు మీద లాగుతూ, నోటితోనే కూత వేసిన బాల్యం మా తరంలో చాలామందికి ఉన్నది. ఆ ఆటే పెద్దల చేతిలో పడి, కొలతలకు లోబడి, ఒక కళగా పరిణమించింది. దానినే నమూనా రైళ్ళ అభిరుచి అంటున్నాము.

ఈ అభిరుచికి ఐరోపా పుట్టినిల్లు. జర్మనీలోని మార్క్లిన్ సంస్థ 1891లో నిర్ణీతమైన పట్టాల కొలతలతో బొమ్మరైళ్ళను సంతకు తెచ్చింది. ఇంగ్లండులో హార్న్‌బీ రైళ్ళు 1920లో వెలువడ్డాయి. నేడు ఎక్కువ ప్రచారంలో ఉన్న కొలత 87వ వంతు. అనగా అసలు రైలులోని 87 మిల్లీమీటర్లు నమూనాలో ఒక మిల్లీమీటరు అవుతుంది. మన దేశపు బ్రాడ్‌గేజి పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లకు కొంచెం పైబడుతుంది. కాని ప్రపంచమంతటా దొరికే ఈ కొలత పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లే. అందుచేత మన రైళ్ళను నమూనాలుగా మలచేవారు మూడు మిల్లీమీటర్ల అబద్ధానికి సమ్మతించక తప్పదు. కొందరు నిష్ఠాగరిష్ఠులు దీనికి ఒప్పుకోరు. పట్టాలను సైతం స్వయంగా పరచుకుంటారు. వారి ఓర్పుకు నమస్కరించవలసిందే.

పూర్వపు చిట్టి రైలు నడిచే తీరు మిక్కిలి సరళమైనది. రెండు పట్టాలకు విద్యుత్తును అందిస్తారు. చక్రాల ద్వారా అది ఇంజనులోని మోటారును చేరుతుంది. ఎక్కువ విద్యుత్తు పంపితే వేగం పెరుగుతుంది. తీగలను తారుమారు చేస్తే రైలు వెనుకకు నడుస్తుంది. చిక్కంతా రెండో ఇంజనును పట్టాలపై పెట్టినపుడు వస్తుంది. పట్టాలలో పారే విద్యుత్తు అందరికీ సమానమే కనుక రెండు ఇంజన్లూ ఒక్కసారే కదులుతాయి, ఒక్కసారే ఆగుతాయి. దీనిని నివారించడానికి పట్టాలను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క స్విచ్చి బిగించేవారు. బల్ల పైన అందమైన పల్లెటూరు, బల్ల కింద సాలెగూడు వంటి తీగలు!

ఆ సాలెగూడు కూడ ఒకచోట గొప్ప ఫలితాన్నిచ్చింది. అమెరికాలోని ఎం.ఐ.టి. అనే సాంకేతిక విద్యాసంస్థలో 1946లో విద్యార్థులు నమూనా రైళ్ళ సంఘాన్ని స్థాపించారు. టెలిఫోను ఎక్స్ఛేంజీలలో వాడే రిలేలతో వారు తమ రైళ్ళను నియంత్రించేవారు. 1950వ దశకం చివర ఆ తీగల మధ్య పనిచేసిన విద్యార్థులే రాత్రివేళల కంప్యూటరు గదులను ఆశ్రయించారు. ‘హ్యాకర్’ అనే మాటకు కంప్యూటరు లోకంలో వ్యాప్తి కలిగించిన తొలివారిలో వీరున్నారు.

అసలైన మార్పు 1980వ దశకంలో మొదలై, 1990వ దశకంలో స్థిరపడింది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతిని ఆధారంగా చేసుకొని, అమెరికా జాతీయ నమూనా రైళ్ళ సంఘం అందరికీ వర్తించే డిజిటల్ ప్రమాణాలను నిర్ణయించింది. ఈ పద్ధతిలో పట్టాలలో విద్యుత్తు ఎల్లవేళలా నిండుగా ఉంటుంది. దానితోపాటే ఆజ్ఞలు కూడ ప్రయాణిస్తాయి. ప్రతి ఇంజనులో గోరంత ఎలక్ట్రానిక్ ఫలకం, దానికొక సంఖ్య ఉంటాయి. ‘12వ సంఖ్య గల బండీ, నెమ్మదించు’ అన్న ఆజ్ఞ అన్ని ఇంజన్లకూ వినబడినా 12 మాత్రమే దానిని పాటిస్తుంది. చెవులు లేని రైలుకు చెవులు మొలిచాయి!

ఆ ఆజ్ఞను రాసే తీరు ఛందస్సు నేర్చిన మీకు వింతగా తోచదు. పట్టాలలో విద్యుత్తు దిశ నిరంతరం మారుతూ ఉంటుంది. ఒక్కొక్క దిశలో 58 మైక్రోసెకన్లు నిలిస్తే అది ‘ఒకటి’. సుమారు 100గాని అంతకు మించిగాని నిలిస్తే ‘సున్న’. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలవ వంతు. లఘు గురువులతో గణాలు ఏర్పడినట్లే ఈ పొట్టి పొడుగు కాలాలతో ఆజ్ఞలు ఏర్పడుతున్నాయి. ఆజ్ఞ చివర సరిచూసుకొనే అంకె ఒకటి ఉంటుంది. యతి తప్పిన పద్యాన్ని పండితుడు తిరస్కరించినట్లు, ఆ అంకె పొసగకపోతే ఇంజను ఆజ్ఞను తిరస్కరిస్తుంది.

దీనితో కూత, దీపాలు, డీజిలు ఇంజను గుడగుడ అన్నీ ఇంజనులోకే చేరాయి. ఇక చేతిపనికి చోటేదని పాతతరంవారు బాధపడుతున్నారు. వారి బాధలో కొంత న్యాయం లేకపోలేదు. పెట్టె తెరిచి బండిని పట్టాలపై పెట్టి మీట నొక్కడమే అభిరుచి అయితే అది కొనుగోలే గాని కళ కాదు. కాని పట్టాల పక్కన తాటిచెట్టును, ఎడ్లబండిని, పూరింటిని ఏ ఫలకమూ మలచి ఇవ్వదు. తెల్ల పొణికి కర్రతో పల్లె బతుకును బొమ్మకట్టే కొండపల్లి శిల్పుల నేర్పు వంటిది అక్కడ నేటికీ అవసరమే. పైగా పట్టాలపై దుమ్ము పేరుకుంటే పాత రైలు ఒక్క కుదుపుతో సరిపెట్టుకొనేది. చెవులున్న రైలు మాట వినబడక నిలిచిపోతుంది. పట్టాలు తుడిచే గుడ్డకు సెలవు దొరకలేదన్నమాట.

పెద్ద రైళ్ళు సైతం ఇదే దారి పట్టడం గమనించదగినది. మన రైల్వేలు రూపొందించిన ‘కవచ్’ రక్షణ వ్యవస్థను దక్షిణ మధ్య రైల్వేలోనే ముందుగా పరీక్షించారు. పట్టాల నడుమ అమర్చిన గుర్తుబిళ్ళలు రైలుకు అది ఉన్న చోటును తెలుపుతాయి. స్టేషను రేడియో ద్వారా ఇంజనుతో మాట్లాడుతుంది. డ్రైవరు ఏమరినప్పుడు బ్రేకులు వాటంతటవే పడతాయి. 2022 మార్చి 4న తెలంగాణలోని గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వేమంత్రి సమక్షంలో దీనిని ప్రదర్శించారు. బల్లమీది రైలుకూ, బ్రాడ్‌గేజి రైలుకూ వినికిడి విద్య అబ్బిందని చెప్పుకోవచ్చు.

మరి ఈ అభిరుచి మన పిల్లలకు అందేదేనా? విదేశపు మేలురకం ఇంజను ఒక్కటి కొనాలన్నా చిరుద్యోగి నెల జీతం చాలకపోవచ్చు. ఆ లెక్కన ఇది సంపన్నుల వినోదమే. అయితే 2005లో ఇటలీలో వెలువడిన ఆర్డుయినో వంటి చవక ఫలకాలు, ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన సాఫ్ట్‌వేరు ఆ గోడకు గండి కొట్టాయి. వైర్‌లెస్ సౌకర్యం గల చిన్న ఫలకం నేడు కొన్ని వందల రూపాయలకే లభిస్తున్నది.

ఎం.పి.సి. చదివిన మా విద్యార్థి ఒకడు తిరునాళ్ళలో అమ్మే బ్యాటరీ రైళ్ళను రెండింటిని కొని, వాటి కడుపులో అటువంటి ఫలకాలను అమర్చాడు. మామిడికాయల చెక్కపెట్టెల పలకలను కలిపి బల్లగా చేశాడు. ఒంటిదారి, నడుమ ఒక లూపులైను. బండ్లకు ఒకటి, రెండు అని సంఖ్యలిచ్చి సెల్‌ఫోనుతో నడిపేవాడు. మొదటి నెలరోజులు అవి ఢీకొట్టని పూట లేదు. నన్ను పిలిచిన నాడు మాత్రం రెండో బండి లూపులో ఒదిగి నిలబడింది. ఒకటో బండి దానిని దాటి వెళ్ళింది. లూపు పక్కన అట్టతో కట్టిన స్టేషను. దాని ముందర పసుపు పలక మీద నల్లని అక్షరాలతో ‘చింతలపూడి’ అని రాసి ఉన్నది.