శరణార్థియు చిరునామాయు

ఇల్లు మారినవాడు క్రొత్త చిరునామాను బంధుమిత్రులకు వ్రాయుట మర్యాద. స్వదేశమున హింసకు వెరచి అన్యదేశమున ఆశ్రయము వేడువానికో, అది మర్యాద మాత్రమే గాదు. వాని బ్రదుకే దానిపై నాధారపడి యుండవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ నియమ మెట్లు నడచుచున్నదో చదువరులకు విన్నవించెదను.

ఆ దేశపు 1952వ సంవత్సరపు వలస చట్టములోని 265వ విభాగము ననుసరించి, కొన్ని తరగతులవారు తప్ప పరదేశీయులందరును నివాసము మారిన 10 దినములలోపల ఆ సంగతిని ప్రభుత్వమునకు వ్రాతమూలముగా తెలుపవలయును. పూర్వము ప్రతి జనవరి మాసమునను చిరునామా తెలుపవలసి యుండెను గాని, 1981లో ఆ పద్ధతి రద్దయ్యెను. 10 దినముల నియమము మాత్రము నిలిచియున్నది. దీనికై ఏ.ఆర్. 11 అను ఫారము కలదు. కంప్యూటరు ద్వారా కూడ పంపవచ్చును. చదువులకై అచ్చటికి పోయిన మన తెలుగు విద్యార్థులకును ఇదే గడువు. వారు తమ విద్యాలయమున ఇందులకై నియమింపబడిన అధికారికి తెలుపుదురు. బిడ్డలను పంపిన తల్లిదండ్రులు గమనింతురు గాక.

చిక్కంతయు ఇక మీదట నున్నది. ఆశ్రయము కోరువారిలో అనేకుల వ్యవహారము వలస న్యాయస్థానము నెదుట నుండును. ఏ.ఆర్. 11ను పుచ్చుకొనునది హోంలాండు సెక్యూరిటీ శాఖ. న్యాయస్థానమో న్యాయశాఖకు చెందినది. ఒకచోట తెలిపినది రెండవచోటికి దానంతట అది చేరదు. కావున న్యాయస్థానమునకు ఇ.ఓ.ఐ.ఆర్. 33 అను వేరొక ఫారమును 5 పనిదినములలో పంపవలయును. దాని ప్రతి ప్రభుత్వపక్షపు న్యాయవాదులకును అందవలయును. తపాలా కచేరిలో చిరునామా మార్పించుకొన్నంత మాత్రమున చాలదు.

విచారణ నోటీసు, న్యాయస్థానమునకు కడపట తెలిపిన చిరునామాకే పోవును. అతడు హాజరు కానిచో, వాని కథ యొక్క మాటయైనను వినబడకమునుపే, పరోక్షమున దేశమునుండి పంపివేయుట కాజ్ఞ పుట్టవచ్చును. అసాధారణ కారణముచే రాలేకపోయినవాడు 180 దినములలో ఆ ఆజ్ఞను తీసివేయుమని కోరవచ్చును. నోటీసు అందలేదని రుజువు చేయగలవాడు ఎప్పుడైనను కోరవచ్చును. అయితే చిరునామా తెలుపకపోవుటచేతనే అందనియెడల ఈ దారియు సామాన్యముగా మూసుకొనును. అట్టివానికి నోటీసు పంపనే అక్కరలేదని చట్టము పలుకుచున్నది.

న్యాయాధిపతికి వ్యాజ్యదారుని జాడ తెలియవలెననుట సమంజసమే. కాని తరచుగా ఇండ్లు మారువారు వీరే గదా! నేడు బంధువు నింట, మరునాడు ధర్మసత్రమున, ఆపైన పని దొరికిన వేరొక పట్టణమున. భాష రాదు, తలుపుపై నున్నది పరుల పేరు. ఇట్టివారికే రెండు కచేరులు, రెండు ఫారములు, రెండు గడువులు నేర్పరచుట నాకు కఠినముగా తోచుచున్నది. ఒకచోట చెప్పిన రెంటికిని చేరునట్లు ప్రభుత్వమే చేయదగును.

అంతవరకు జాగ్రత్త వారిదే. పరుల యింట నుండువాడు చిరునామాలో ఇంటివారి పేరును, ఇంటిలోని భాగపు సంఖ్యను తప్పక వ్రాయవలయును. లేనియెడల తపాలా బంట్రోతు ఉత్తరమును త్రిప్పి పంపును. భార్యాబిడ్డలకును వ్యాజ్యమున్నచో ఒక్కొక్కరికి వేరువేరుగా ఫారము పంపవలయును. పంపిన ప్రతి కాగితమునకు నకలును, పంపిన తేదీకి రుజువును దాచుకొనుట మంచిది. ఏలయన, తెలిపితినని చెప్పుట వేరు, చూపగలుగుట వేరు.