రెండు కాళ్ల మీద కంచు గుర్రం

వియన్నాలో హోఫ్‌బుర్గ్ రాజప్రాసాదం ఎదుట హెల్డెన్‌ప్లాట్స్ అనే పెద్ద ఖాళీ స్థలం ఉంది. వచ్చినవాళ్లంతా ప్రాసాదం వైపు తిరిగి ఫొటోలు దిగుతుంటారు. ఫౌండ్రీలో బతికినవాణ్ణి కనుక నా కళ్లు గుర్రం గిట్టల దగ్గరే ఆగిపోయాయి.

అది ఆర్చ్‌డ్యూక్ కార్ల్ విగ్రహం. 1809లో ఆస్పెర్న్ దగ్గర నెపోలియన్‌ను ఓడించిన సేనాని ఆయన. చేతిలో జెండా, కింద ముందుకాళ్లు ఎత్తిన గుర్రం. అంత కంచూ రెండు వెనక కాళ్ల మీదే నిలబడింది. తోక పీఠానికి ఆనదు! ఇలా నిలబెట్టాలంటే గుర్రం, రౌతు, జెండా అన్నిటి బరువూ కలిసి సరిగ్గా ఆ రెండు గిట్టల మీదికే రావాలి. ముందు భాగం పలచగా పోయాలి, కాళ్లలోంచి పీఠంలోకి ఇనుప ఊతం దించాలి. అచ్చులో లోపలి బోలు కోసం పెట్టే కోర్ కాస్త పక్కకి జరిగిందా, ఒకవైపు మందం పెరిగి లెక్కంతా తారుమారు.

1860లో ఆవిష్కరించిన ఈ విగ్రహాన్ని చేసింది అంటోన్ డొమినిక్ ఫెర్న్‌కార్న్. 1813లో జర్మనీలోని ఎర్ఫుర్ట్‌లో పుట్టి, మ్యూనిక్‌లో పోతపని నేర్చి, 1840లో వియన్నా చేరాడు. తర్వాత అక్కడి రాజవారి కంచు ఫౌండ్రీ ఆయన చేతికే వచ్చింది. బొమ్మ మలిచేవాడూ లోహం పోసేవాడూ ఒక్కడే కావడం ఆయన బలం అనుకుంటాను. ఆస్పెర్న్‌లోనే, చనిపోయిన సైనికుల కోసం 1858లో ఆయన చేసిన రాతి సింహం ఉంది. గెలిచిన యుద్ధానికి గుర్తుగా ప్రాణం విడుస్తున్న సింహాన్ని పెట్టాడు. గుర్రాలకన్నా నాకు అదే ఎక్కువ నచ్చింది.

హెల్డెన్‌ప్లాట్స్‌లోనే ఆయన రెండో గుర్రమూ ఉంది. 1865 నాటి ప్రిన్స్ యూజీన్ విగ్రహం అది. దాని తోక మాత్రం పీఠాన్ని తాకుతుంది. మొదటి విద్య మళ్లీ సాధ్యం కాకే ఫెర్న్‌కార్న్‌కి మతి చలించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. మానసిక వ్యాధి వచ్చిన మాట నిజం. ఆ విగ్రహాన్ని శిష్యులే పూర్తిచేశారు, 1878లో ఆయన కన్నుమూశాడు. కానీ తోకకీ మతికీ ముడిపెట్టడం నాకు రుచించదు. తోకను మూడో కాలుగా వాడుకోవడంలో నామోషీ ఏముంది? 1640లో పియెత్రో టాక్కా పూర్తిచేసిన ఫిలిప్ రాజు గుర్రం మాడ్రిడ్‌లో అలాగే నిలబడి ఉంది. పోనీ, రెండు కాళ్ల విద్యైనా ఫెర్న్‌కార్న్ ఒక్కడి సొత్తు కాదు. 1853లోనే వాషింగ్టన్‌లో క్లార్క్ మిల్స్ చేసి చూపించాడు.

ఫెర్న్‌కార్న్ చేసిన మరో అశ్వారూఢుడు, క్రొయేషియా సేనాని యెలాచిచ్ దొర, జాగ్రెబ్ నగరంలో ఉన్నాడు. 1866లో నిలిపినప్పుడు ఆయన కత్తి ఉత్తరాన హంగరీ వైపు చూపేది. 1947లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ విగ్రహాన్ని తీసేయించింది. ముక్కలుగా విప్పిన విగ్రహాన్ని భద్రంగా దాచారు. 1990లో ఆ ముక్కలన్నీ మళ్లీ బిగించి అదే కూడలిలో నిలిపారు, ఈసారి కత్తి దక్షిణానికి.