కటౌటంటే హీరో బొమ్మ కాదు!
ధర్మవరం విద్యార్థినికి నడక నేర్పిన నిమ్మలకుంట తాత

ధర్మవరం: కటౌట్ అనగానే మన జిల్లాలో ఎవరికైనా గుర్తుకు వచ్చేది ఒక్కటే. సినిమా హాలు ముందు పూలదండలు వేసుకుని నిలబడే హీరోగారి నిలువెత్తు బొమ్మ! పట్టణంలోని ఒక చేనేత కార్మికుని కుమార్తె, డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని కూడా మొదట అలాగే అనుకుంది. "కటౌట్ యానిమేషన్" అనే అంశంపై తరగతిలో పది నిమిషాలు మాట్లాడాలని అధ్యాపకుడు ఆమెకు పని అప్పగించారు. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే తండ్రి మగ్గం ఆపి, "అయితే సినిమా హాలు కాడికి పోయి అడగల్లేమో!" అన్నాడట.

సంగతి అది కాదని సెల్ ఫోనులో వెతికిన తరువాత తెలిసింది. అట్ట మీద మనిషి బొమ్మ గీసి, తల, చేతులు, కాళ్ళు విడివిడిగా కత్తిరించాలి. వాటిని కీళ్ళ దగ్గర దారంతో కలపాలి. బొమ్మను పలక మీద పడుకోబెట్టి పైనుంచి ఒక ఫోటో తీయాలి. చేయి రవ్వంత జరిపి మరో ఫోటో, కాలు రవ్వంత జరిపి ఇంకో ఫోటో తీయాలి. వాటన్నిటినీ వరుసగా వేగంగా చూపిస్తే బొమ్మ తనంతట తానే కదిలినట్టు కంటికి కనబడుతుంది. సెకనుకు 12 ఫోటోలైనా ఉంటే తప్ప కదలిక నునుపుగా రాదు. సినిమా రీలులో అయితే సెకనుకు 24 బొమ్మలు తిరుగుతాయి.

జర్మనీ మహిళ ఘనత

ఈ విద్య కొత్తదేమీ కాదు. అర్జెంటీనా దేశంలో క్విరినో క్రిస్టియాని అనే ఆయన 1917లోనే కత్తిరించిన బొమ్మలతో పూర్తి నిడివి చిత్రం తీశారు. ప్రపంచంలో మొట్టమొదటి పూర్తి నిడివి బొమ్మల చిత్రం అదేనంటారు. దురదృష్టవశాత్తూ దాని ప్రతులు అగ్నికి ఆహుతి అయ్యాయి. నేడు చూద్దామన్నా దొరకదు.

జర్మనీలో లోటే రైనిగర్ అనే యువతి మూడేళ్ళు శ్రమించి "ప్రిన్స్ అహ్మద్ సాహసాలు" చిత్రాన్ని 1926లో విడుదల చేశారు. ఇప్పటికీ నిలిచి ఉన్న పూర్తి నిడివి బొమ్మల చిత్రాలలో ఇదే పాతది. నల్ల అట్టను కత్తెరతో కత్తిరించి, అవయవాలను సన్నని తీగతో కలిపి, గాజు పలక మీద పరచి, కింద దీపం పెట్టి, పైనుంచి కెమెరాతో తీసేవారు. భర్త కార్ల్ కోక్ ఆమెకు తోడుగా నిలిచారు. తూర్పు దేశాల నీడబొమ్మలాటలంటే ఆమెకు ఎంతో మక్కువ. వాటి గురించి 1970లో పుస్తకమే రాశారు.

ఆ చిత్రంలోని ఒక ముక్కను ఫోనులో చూస్తుండగా విద్యార్థిని నాయనమ్మ తొంగి చూసి, "ఇది మన తోలుబొమ్మలాటే గదమ్మా!" అన్నదట. ఆ ఒక్క మాటే ఆమెను నిమ్మలకుంట దారి పట్టించింది.

నిమ్మలకుంటలో...

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించిన సంగతి పాఠకులకు తెలిసినదే. మేక తోలును శుభ్రపరచి, వెలుగు ప్రసరించేంత పలుచగా గీకి, ఉలితో రంధ్రాలు కొట్టి, రంగులు అద్ది బొమ్మలు చేస్తారు. నగలన్నీ ఆ రంధ్రాల గుండా వచ్చే వెలుగే! తెల్ల పంచె తెరకు వెనుక పూర్వం ఆముదపు దీపాలు పెట్టేవారు, తరువాత కరెంటు బల్బులు వచ్చాయి. రామాయణ, భారత కథలు తెల్లవార్లూ ఆడేవారు. నడుమ బంగారక్క, కేతిగాడు వచ్చి జనాన్ని నవ్వించేవారు. నేడు చాలా ఇళ్ళలో అదే తోలుతో దీపాలకు గుడ్డలు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు. బతుకు అలా గడుస్తున్నది.

అక్కడ ఒక వృద్ధ కళాకారుడు పాత పెట్టె తెరిచి ఆమెకు బొమ్మలు చూపించాడు. మోచేతి దగ్గర తోలుకు రంధ్రం చేసి, దారం దూర్చి, రెండు వైపులా ముడి వేసిన తీరు ఆమె శ్రద్ధగా గమనించింది. అంతకుముందు ఆమె చార్టు కాగితంతో చేసిన బొమ్మ కీళ్ళ దగ్గర చినిగిపోయింది. ఈసారి పాత పెళ్ళిపత్రికల అట్ట తీసుకుని, ఆ ముడి పద్ధతినే వాడింది.

మంచం కింద స్టూడియో

ఇంట్లో ఇటుకల మీద పాత కిటికీ అద్దం పెట్టి, కింద బల్బు, పైన తెల్ల గుడ్డ పరిచింది. దాని మీదుగా నులక మంచం ఎత్తి నిలిపి, నులక సందులో ఫోను బోర్లించింది. పెట్టె నెత్తిన పెట్టుకుని బొమ్మలాటగాడు ఊళ్ళోకి నడిచి రావడం కథ. నిడివి 40 సెకన్లు. అంటే 480 ఫోటోలు. మూడు సాయంత్రాలు పట్టింది.

ప్రసంగానికి ఇంకా రెండు రోజులు ఉందనగా దానిని తీసుకెళ్ళి నిమ్మలకుంట తాతకు చూపించింది. ఆయన రెండుసార్లు చూసి, "ఏం పాపా, ఈ మనిషి పెట్టె మోస్తాండాడా, గాల్లో తేలతాండాడా?" అని అడిగాడు. ఆమె బిక్కమొహం వేసింది. కాళ్ళు, ఒళ్ళు అన్నీ ఒకేసారి జరపడం వల్ల బొమ్మ నడవడం లేదు, జారుతున్నది. "ఒక కాలు నేలకు పాతుకుంటేనే గదా ఇంకో కాలు లేసేది. పెట్టె బరువు మోకాలికి తెలియల్ల" అని చెప్పి, తన బొమ్మను చేతబట్టి గోడ మీద నీడ పడేలా నడిపించాడు.

"రెండు రాత్రులే ఉండాయి తాతా. అన్నీ మళ్ళా తీయల్లంటే ఎట్ల?" అని ఆమె కంటతడి పెట్టింది.

"మేము ఒక్కో రాత్రి తెల్లవార్లూ ఆడినోళ్ళం. నీకు రెండు రాత్రులు చాలవా?" అన్నాడాయన.

ఆమె మళ్ళీ తీసింది. బల్బు పట్టుకోవడానికి తమ్ముడు, ఫోటోలు లెక్కపెట్టడానికి నాయనమ్మ కూర్చున్నారు. నేలకు ఆనిన పాదాన్ని చిన్న గుండుసూదితో కదలకుండా పెట్టి ఒళ్ళు మాత్రం ముందుకు జరిపింది. రెండో రాత్రి కోడి కూసే వేళకు 480వ ఫోటో పూర్తయింది.

తరగతిలో జర్మనీ, అర్జెంటీనా సంగతులు చెప్పి, చివరన తన 40 సెకన్ల చిత్రం చూపింది. "నిమ్మలకుంట మన పక్కనే ఉన్నా నేను ఎప్పుడూ పోలేదని చెప్పడానికి సిగ్గేసింది. చెప్పి తీరాలని చెప్పాను" అని ఆమె ఈ విలేకరితో అన్నది. ఆ తరగతిలో తోలుబొమ్మలాట చూసినవారు చేతులెత్తమంటే లేచినవి మూడు చేతులేనట.

తరువాతి ఆదివారం ఆమె ఆ చిత్రం మళ్ళీ తాతకు చూపించింది. ఆయన ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇప్పుడు మోస్తాండాడు" అన్నాడు. బడులకు పిలిచి పిల్లల ముందు ఏడాదికి ఒక్క ఆటైనా ఆడిస్తే, దీపపు గుడ్డలు అమ్ముకునే చేతులకు బొమ్మ పట్టే అలవాటు తప్పదని ఆయన కోరిక. జిల్లా విద్యాశాఖ వారు, గ్రామ పెద్దలు ఈ విషయం ఆలోచించవలసి ఉన్నది.