ఆటలమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు

ఆటలమ్మ పోసిన పిల్లవాడికి వేపాకు నీళ్ళతో స్నానం చేయించి, అమ్మవారు వెళ్ళిపోయిందని తెలుగింటి పెద్దలు ఊపిరి పీల్చుకునేవారు. పొక్కులు మానే మాట నిజమే గాని, వాటికి కారణమైన వారిసెల్లా జోస్టర్ వైరస్ మాత్రం వెళ్ళిపోదు. వెన్నెముక పక్కనున్న నాడీకణాల ముడులలో చేరి దశాబ్దాల తరబడి నిద్రాణమై ఉంటుంది.

వైరస్ ప్రవేశించగానే ముందుగా స్పందించేవి దాడికి గురైన జీవకణాలే. అవి 1957లో కనుగొనబడిన ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీనును విడుదల చేసి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తాయి. దానివల్ల వైరస్ వేగం తగ్గుతుందే గాని ఆగదు. కొద్దిరోజులలో రెండు బలగాలు సిద్ధమవుతాయి. యాంటీబాడీలు కణాల వెలుపల తిరిగే వైరస్‌ను పట్టుకుంటాయి. కణం లోపల దాగినదానిని తాకలేవు. ఆ పని టి-కణాలది. మన కణాలు తమలో తయారయ్యే ప్రోటీన్ల తునకలను పైపొరమీద ప్రదర్శిస్తూ ఉంటాయి. వాటిలో పరాయి తునక కనబడితే టి-కణం ఆ కణాన్నే హతమారుస్తుంది. ఈ గుర్తింపు రహస్యాన్ని ఛేదించిన డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ బహుమతి లభించింది.

ఆటలమ్మ విషయంలో ఏ బలగం ముఖ్యం? పుట్టుకతో యాంటీబాడీలు తయారుచేసుకోలేని పిల్లలు సైతం సాధారణంగా దీనినుండి కోలుకుంటారు. టి-కణాలు లోపించిన పిల్లలకు ఇది ప్రాణాంతకం కాగలదు.

వయసు మళ్ళేకొద్దీ, యాంటీబాడీలు నిలిచి ఉన్నప్పటికీ, ఈ వైరస్‌ను ఎరిగిన టి-కణాల బలం సన్నగిల్లుతుంది. అప్పుడు మేలుకొన్న వైరస్ నాడి వెంట చర్మాన్ని చేరి, ఒంటికి ఒక పక్కనే పట్టీలాగా పొక్కులు లేపుతుంది. ఇదే షింగిల్స్; మన పల్లెలలో సర్పి అంటారు. పొక్కులు మానినా నొప్పి కొందరిని నెలలు, ఏళ్ళు వేధిస్తుంది. ఇది కొత్తగా అంటుకొన్నది కాదని, చిన్ననాటి వైరసే తిరిగి లేచిందని 1965లో విశదీకరించినవాడు హోప్-సింప్సన్ అనే ఇంగ్లండు వైద్యుడు. తన రోగుల వివరాలను ఏళ్ళ తరబడి ఓపికగా రాసిపెట్టుకోవడమే ఆయన చేసిన ప్రయోగం!

పొక్కులకు ముందే ఒక పక్కన మంట, పోటు మొదలవుతాయి. స్వదేశంనుండి పిల్లల ఇంటికి వచ్చిన పెద్దలు దీనిని ప్రయాణపు నొప్పిగా భావించి ఊరుకోవడం కద్దు. పొక్కులు కనబడిన 72 గంటలలోపు ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెడితే మేలు. 2017లో అమెరికాలో ఆమోదం పొందిన టీకా టి-కణాలను తిరిగి మేల్కొలుపుతుంది. అక్కడ 50 ఏళ్ళు నిండినవారికి రెండు మోతాదులుగా దీనిని సిఫార్సు చేస్తున్నారు.

ఇంకొక సంగతి. తాతగారి షింగిల్స్ పొక్కులను తాకిన మనవడు అంతకుముందు ఆటలమ్మను గాని, దాని టీకాను గాని ఎరగనివాడైతే, వాడికి షింగిల్స్ రాదు, వచ్చేది ఆటలమ్మే.