అద్దెయింటి మరుగుదొడ్డిలో నీటి కారుదల

వంటయింటిని గూర్చియు, బిడ్డల పెంపకమును గూర్చియు, కుట్టుపనిని గూర్చియు మన పత్రికలలో నెన్నో వ్యాసములు వెలువడుచుండును. మరుగుదొడ్డిని గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రము కలము వెనుకాడును. నేనును కొన్నియేండ్లు వెనుకాడితిని. కాని మదనపల్లెలో మా యత్తగారు దాహమును చంపుకొని కూర్చుండిన యొక వేసవి జ్ఞప్తికి వచ్చినప్పుడెల్ల, ఈ సిగ్గు మనకు చేసిన మేలేమియు లేదని తోచుచున్నది.

మా వారు ఉపాధ్యాయులు. బదిలీల కారణమున పుంగనూరు, మదనపల్లె, కుప్పము అను మూడూళ్లలోను అద్దెయిండ్లలోనే కాపురముంటిమి. ఈ సీమ నెరుగని వారికి ఇచ్చటి నీటిసంగతి కొంచెము చెప్పవలయును. ఇది మెట్టసీమ. నేల క్రింద రాయి, నేలపైన చాలీచాలని వాన. చెరువు నిండిన యేడు బావిలో నీరుండును; నిండని యేడు బోరును నమ్ముకొనవలసినదే. వేయి అడుగులు దింపినను దుమ్ము తప్ప మరేమియు రాని బోర్లను మే మెరుగుదుము. టమాటా తోటలో రైతు డ్రిప్పు గొట్టములు పరచి, మొక్క మొదట బొట్టుబొట్టుగా నీరు విడుచును. శ్రీశైలము జలాశయపు నీటిని మల్యాల యొద్ద ఎత్తిపోసి, హంద్రీ–నీవా కాలువలలో 700 కిలోమీటర్లకు పైగా నడిపించి, 2025 ఆగస్టులో కుప్పమునకు కృష్ణాజలములను తెచ్చిరి. నీటికై ఇంతదూరము పోవలసిన సీమలో, ఇంటిమూలనున్న ఫ్లష్ ట్యాంకు రేయింబవళ్లు మంచినీటిని మురుగులోనికి జార్చుచుండిన నెవరును పట్టించుకొనరు. ఏలయన, అది చప్పుడు చేయదు, నేల తడియదు.

మదనపల్లెలో మేమున్న యింట మూడు వాటాలు. మూటికిని ఒకటే బోరు, మిద్దెపైన ఒకటే ట్యాంకు. ముందరి వాటాలో ఇంటి యజమానురాలు, వెనుక నొక చిన్న సంసారము, మేడపైన మేము. ఆ యేడు ఏప్రిలు నాటికే బోరులో నీరు సన్నగిల్లెను. ఉదయము నింపిన ట్యాంకు మధ్యాహ్నమునకే అడుగంటుచుండెను. ట్రాక్టరు ట్యాంకరును పిలిపించి, దాని వెలను మూడు వాటాలవారమును పంచుకొనవలసి వచ్చెను. డబ్బు పంచుకొనునప్పుడు తప్పెవరిదను మాట రాక తప్పునా?

మా యత్తగారికి డెబ్బది దాటినది. చక్కెర వ్యాధి గలదు. రాత్రి మూడు నాలుగు మారులు లేవవలసియుండును. "మీ యింట పెద్దామె రేయంతయు నీళ్లు పోయుచునే యున్నది గదా, అయ్యవారమ్మా! కొళాయి కట్టుట మరచుచున్నదేమో కనుక్కొనుము" అని యజమానురాలు మెట్లమీద నిలుచుండి, పదిమంది వినునట్లు పలికెను. ఆ మాటకు నాకు కోపము వచ్చినది. వచ్చియు, లోపలికి పోయి అదే మాటను నేనును అడిగితిని: "అత్తయ్యా, రాత్రి కొళాయి సరిగా కట్టుచున్నారా?" ఆమె నావైపు చూచి, బదులు చెప్పక, ప్రక్కకు తిరిగి పరుండెను.

ఆ దినము మొదలు ఆమె సాయంకాలమైన పిమ్మట నీరు త్రాగుట మానెను. నేను గమనింపలేదు. మంచముకడ చెంబు తెల్లవారువరకు నిండుగనే యుండుట చూచియు, ఎండలు తగ్గినవి కాబోలునని యనుకొంటిని. ఎంత అవివేకమో చూడుడు! అయిదవనాడు ఆమె కన్నులు తిరిగి గడపకడ కూలబడెను. ఒంటిలో నీరు తక్కువైనదనియు, ఈ వ్యాధి గలవారు దాహమును ఆపుకొనరాదనియు వైద్యుడు మందలించెను.

ఆ రాత్రి ఆమె ప్రక్కనే మేలుకొని కూర్చుంటిని. రెండు గంటలైనది. ఇంటిల్లిపాదియు నిద్రలో నుండిరి. మరుగుదొడ్డికి ఎవరును పోలేదు. అయినను లోపలినుండి ఫ్లష్ ట్యాంకు సన్నగా బుసకొట్టి, కొంతసేపు నిండి, ఊరకుండెను. అరగంటకు మరల బుసకొట్టెను. తాకువారు లేకయే ట్యాంకు నిండుచున్నదనిన, లోపలి నీరు ఎచ్చటికో పోవుచుండవలయును గదా! దొంగ ఎవరో నాకప్పుడు తెలిసినది.

ఇక ఆ ట్యాంకు తీరు చెప్పెదను. మూత తీసి చూచుటకు భయపడనక్కరలేదు, అందులోనిది మంచినీరే. లోపల ముఖ్యమైనవి మూడు. ఒకవైపు నీరు వచ్చు కవాటము. నీరు పెరిగినకొలది తేలి దానిని మూయు బంతియో, చిన్న డబ్బీయో దానికి తగిలించి యుండును. నడుమ నడుగున నీటిని విడుచు రంధ్రము, దానిపై రబ్బరు వాషరు. మూడవది నిలువు గొట్టము. బంతి చెడి నీరు మితిమీరినచో ఆ యధికమంతయు పైకి పొరలక ఈ గొట్టము గుండ దొడ్డిలోనికి పోవును. ఈ యేర్పాటు నేలను కాపాడును గాని, దోషమును కప్పిపుచ్చును. కావున నీరు పోవు చాటుదారులు రెండు: అడుగు వాషరు ఒకటి, నిలువు గొట్టము రెండవది.

ఏ దారిని పోవుచున్నదో కనుగొనుటకు బట్టలకు వేయు నీలిమందు చాలును. ముందుగా నిలువు గొట్టపు అంచును చూడుడు. నీరు ఆ యంచును దాటి లోపలికి జారుచున్నచో బంతిది దోషము. అంచుకు ఒక అంగుళము క్రిందుగా నిలిచియున్నచో పదిచుక్కల నీలిమందు ట్యాంకులో వేసి మూతపెట్టి, అరగంటసేపు ఎవరిని లోపలికి పోనీయకుడు. (పిల్లలున్న యింట ఇదియే కష్టమైన భాగము.) తరువాత చూచినప్పుడు దొడ్డిలో నీలి చారలు కనబడెనా, వాషరు కారుచున్నది. మా యింట అరగంట వరకు కూడ ఆగలేదు. తెల్లని పింగాణిమీద నీలినీరు దారమువలె దిగెను.

ఎంత పోవుచున్నదో లెక్కించవలెనన్న, ట్యాంకునకు నీరువచ్చు గోడకొళాయిని కట్టి, లోపల నీటిమట్టముకడ పెన్సిలుతో గీత గీసి, గడియారము చూచుకొనవలయును. మాకు 20 నిమిషములలో ఒక అంగుళము దిగెను. ట్యాంకు నిడివి 40, వెడల్పు 15 సెంటీమీటర్లు. అంగుళమునకు లీటరున్నర నీరు. గంటకు నాలుగున్నర లీటర్లు, దినమునకు 108 లీటర్లు. మా యిత్తడి బిందె 15 లీటర్లది. అనగా దినమునకు ఏడు బిందెలు, నెలకు 3,000 లీటర్లకు పైగా. ఈ లెక్క నేనే చేసితిని. మా వారు సరిచూచిరి.

వాషరు చెడుటకు కారణము మన బోరునీరే. ఉప్పునీరు, సున్నపునీరు, టీ కాచు గిన్నెలో తెల్లని పెచ్చు కట్టునట్లే రబ్బరు చుట్టును గారకట్టును. గోడకొళాయి కట్టి, ట్యాంకును వదలి ఖాళీచేసి, నడిమి కవాటమును ఎడమవైపునకు కొంచెము త్రిప్పి పైకి లాగిన అది ఊడివచ్చును. (అన్ని ట్యాంకులలో ఇట్లు ఊడదు; మొరాయించినచో బలవంతపెట్టకుడు.) వాషరును తీసి నిమ్మరసములోనో వెనిగరులోనో నానబెట్టి, పాతబట్టతో తుడువవలయును. అది కూర్చుండు చోట గరుకుగా తగిలిన గారను గూడ తుడువుడు. కత్తితో గీకరాదు, గీతపడినచో మరల కారును. రబ్బరు మెత్తగా నున్నచో త్రిప్పి పెట్టవచ్చును. మాది గట్టిపడి వంకరపోయెను. దానిని కొంగున కట్టుకొని బజారునకు పోయి, ప్రక్క ప్రక్కన పెట్టి సరిపోల్చి కొత్తది తెచ్చితిని, 40 రూపాయలైనది. పాతది చూపక కొన్నచో మరల తిరుగవలసివచ్చును. ట్యాంకులో బ్లీచింగు బిళ్లలు వేయు అలవాటున్నవారు దానిని మానుట మేలు. అవి రబ్బరును తినివేయును.

బంతి దోషము మాకు కుప్పములో తగిలినది. దానికి కొనవలసినదేమియు లేకపోయెను. బంతికాడనున్న చిన్న మరను త్రిప్పి మట్టమును దించితిమి, అంతే. అచ్చటి గోడకొళాయి తుప్పుపట్టి తిరుగకపోయినది. అట్టిదానిని బలముగా త్రిప్పిన విరిగి ఇల్లంతయు నీరగును. ట్యాంకు మీద అడ్డముగా గరిటెనుంచి, బంతిని దారముతో పైకి కట్టివేసిన, నీరు రాక నిలుచును.

పుంగనూరి సంగతి వేరు. అచ్చట ఫ్లష్ వదలినప్పుడెల్ల దొడ్డి మొదట నేల చెమ్మగిల్లుచుండెను. ఇది మురుగునీరు, మనము చేయిపెట్టరాదు. మేస్త్రి యొకడు వచ్చి చుట్టును తెల్లసిమెంటు మెత్తి పోయెను. తడి కనబడుట మానెను గాని, నీరు బండల క్రిందకు దిగి, నెలలోపల వాసన పుట్టెను. దొడ్డికిని మురుగు గొట్టమునకును నడుమనున్న అతుకును తీసి మరల వేయవలసినదే. ఇది ఇంటివారు చేయింపవలసిన పని.

అద్దెవారికి హక్కేమున్నదని యడుగుదురేమో. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షనులో ఈ సంగతి కలదు. వేరే యొడంబడిక లేనప్పుడు, యజమాని చేయింపవలసిన మరమ్మతును తెలియజేసిన పిమ్మట తగినకాలములో ఆయన చేయింపనిచో, అద్దెదారు తానే చేయించి ఆ వ్యయమును అద్దెలో మినహాయించుకొనవచ్చును. ఇల్లు చేరినప్పటివలె కాపాడుట మన విధి. వాడుకవలన కలుగు సహజమైన అరుగుదల దీనిక్రిందికి రాదు. అయినను నేను చట్టము చేతబట్టుకొని మెట్లు దిగలేదు. యజమానురాలిని పైకి పిలిచి, వాషరు మార్చకమునుపే, దొడ్డిలోని నీలిదారమును చూపితిని. ఆమె చాలసేపు చూచెను. "మా దాంట్లో గూడ వేసి చూడుము" అనెను. ఆమె దొడ్డిలో నీలిరంగు మాదానికంటె ముందుగనే దిగెను! వెనుక వాటాలోనిది మాత్రము చక్కగా నుండెను. ఆ సాయంకాలమామె మరల మెట్లెక్కి వచ్చి, మా యత్తగారి మంచముకడ కూర్చుండి, ఏమేమో ఊరిమాటలు చెప్పి, పోవునప్పుడు చెంబులోని నీరు తానే గ్లాసులో వంచి ఇచ్చి పోయెను.

నేనడిగిన మాటకు నేను క్షమాపణ చెప్పుకొంటిని. "పోనీలేవే" అని యత్తగారు నవ్విరి గాని, మరచినట్లు లేదు. కుప్పములో ఇల్లు మారిననాడు, సామాను లారీనుండి దించకమునుపే, చేతిసంచిలోనుండి నీలిమందు సీసా తీసి నాచేతికిచ్చి, "ముందు ఆ ట్యాంకు చూడవే, తరువాత పాలు పొంగింతము" అనిరి.