అమెరికా కళాశాలలలో సోదర సంఘములు

ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళిన మన తెలుగు విద్యార్థులు ఇంటికి చెప్పు కబుర్లలో 'ఫ్రెటర్నిటీ' అను మాట అప్పుడప్పుడు వినవచ్చుచుండును. విశ్వవిద్యాలయమునకు సమీపమున ఒక పెద్ద భవనము. దాని ముంగిట రెండు మూడు గ్రీకు అక్షరములు. లోపల కొన్ని పదులమంది విద్యార్థుల కాపురము. అది హాస్టలా, క్లబ్బా, రహస్య సంఘమా అని తల్లిదండ్రులకు సందేహము కలుగుట సహజము. ఆ మూడింటి లక్షణములును దానియందు కలవు. నాల్గవదియు ఒకటి కలదు: చదువు ముగించి వెళ్ళినవారు కూడ ఆ ఇంటిని విడువకుండుట. ఈ నాల్గవ లక్షణమే ఆ సంఘములకు బలము. ఒక్కొక్కప్పుడు బలహీనతయు నదియే. దానిని గూర్చి కొంచెము విచారింతము.

వీని పుట్టుక అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన సంవత్సరముననే జరిగినది. 1776 డిసెంబరు 5వ తేదీన వర్జీనియాయందలి విలియం అండ్ మేరీ కళాశాల విద్యార్థులు కొందరు 'ఫై బీటా కప్పా' అను సంఘమును స్థాపించిరి. ఈ మూడక్షరములు ఒక గ్రీకు వాక్యములోని పదముల తొలి అక్షరములు. విద్యానురాగమే జీవితమునకు చుక్కాని అని దాని భావము. రహస్య సంకేతములు, ప్రమాణములు, సాహిత్య చర్చలు దాని కార్యక్రమము. అనంతర కాలమున అది ప్రతిభావంతులైన విద్యార్థులను గౌరవించు సంఘముగా మారినది. నేడు మనము చూచు సోదర సంఘములకు నమూనా 1825లో న్యూయార్కు రాష్ట్రమునందలి యూనియన్ కళాశాలలో పుట్టిన 'కప్పా ఆల్ఫా' సంఘము. స్త్రీల సంఘములలో 1867 నాటి 'పై బీటా ఫై', 1870 నాటి 'కప్పా ఆల్ఫా థీటా' పేరెన్నిక గన్నవి. స్త్రీల సంఘములను సామాన్యముగా సొరోరిటీలందురు.

ఒక్కొక్క సంఘమునకు దేశమునందలి అనేక కళాశాలలలో శాఖలుండును. శాఖను ఛాప్టరు అందురు. కళాశాల తెరచిన పిమ్మట కొన్ని దినములు విందులు, పరిచయములు జరుగును. నచ్చిన విద్యార్థికి శాఖవారు ఆహ్వానము పంపుదురు. అంగీకరించినవాడు కొన్ని వారములు నూతన సభ్యుడుగా ఉండి, సంఘ చరిత్రను, నియమములను నేర్చుకొని, తుదకు రహస్యమైన దీక్షావిధితో సోదరుడగును. అతనికి 'అన్న' యని ఒక పై తరగతి విద్యార్థిని నియమించుట వాడుక. అధ్యక్షుడు, కోశాధికారి మొదలగువారిని విద్యార్థులే ఎన్నుకొందురు. చందాలు వసూలుచేయుట, భోజనముల లెక్క చూచుట, ఇల్లు శుభ్రముగా నుంచుట, తగవులు తీర్చుట వారి బాధ్యతలే. ఇరువది యేండ్ల పిల్లవాడు ఒక పెద్ద కుటుంబపు జమాఖర్చులు నేర్చుకొనుట చిన్న విద్య కాదు.

మరి అంత భవనము ఎవరిది? విద్యార్థులు నాలుగేండ్లలో వెళ్ళిపోవువారు. వారి పేర ఇల్లు నిలువదు. కావున పూర్వ విద్యార్థులు కొందరు చేరి లాభాపేక్ష లేని సంస్థ నొకదానిని రిజిస్టరు చేయింతురు. పలుచోట్ల భవనము ఈ సంస్థ ఆస్తియే. శాఖవారు దానికి అద్దె చెల్లింతురు. ఆ సొమ్ముతో అప్పులు, భీమా, మరమ్మతులు జరుగును. పైకప్పు మార్చవలసినప్పుడు, అగ్నిప్రమాద నివారణకు నీటి గొట్టములు అమర్చవలసినప్పుడు అద్దె చాలదు. అప్పుడు పాత సోదరులకు విజ్ఞాపనలు వెళ్ళును. ఇందొక చిక్కు కలదు. విద్యాసహాయమునకై ఏర్పడిన ధర్మనిధికి ఇచ్చు విరాళముపై ఆదాయపు పన్ను మినహాయింపు కలదు. వసతికిని వినోదమునకును ఇచ్చు సొమ్మునకు సామాన్యముగా లేదు. అందుచే విద్యార్థి వేతనములకు ఒక నిధిని, ఇంటికి వేరొక నిధిని నడుపుట ఆచారమైనది.

హైదరాబాదున 1918లో ఆరంభమైన రెడ్డి హాస్టలు వంటివానిని పెద్దలే పూనుకొని విద్యార్థుల కొరకు నెలకొల్పిరి. అమెరికాలో త్రోవ తారుమారు: విద్యార్థులే సంఘము పెట్టుకొనిరి, వారే పెద్దలైన పిదప దాతలైరి. ధనమొక్కటియే కాదు, ఉద్యోగపు దారి చూపుట, శాఖకు సలహాదారుగా ఉండుట, పూర్వ విద్యార్థుల దినోత్సవమునకు వచ్చి పిన్నలతో కలసి భుజించుట కూడ వారి సహాయమే.

అయితే 'మావాడు' అను మమకారము 'మావాడు కాడు' అను గోడగా కూడ మారగలదు. పూర్వము పెక్కు సంఘములు నల్లజాతివారిని, యూదులను చేర్చుకొనలేదు. ఆ అవమానము నుండియే క్రొత్త సంఘములు పుట్టినవి. 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థులు 'ఆల్ఫా ఫై ఆల్ఫా'ను స్థాపించిరి. మార్టిన్ లూథర్ కింగు ఈ సంఘ సభ్యుడే. వాషింగ్టనులో 2011లో ఆవిష్కృతమైన ఆయన స్మారకమునకు మొదట పూనుకొన్నదియు ఈ సంఘమే. నల్లజాతి సంఘములలో పట్టభద్రులకు ప్రత్యేక శాఖలుండును. సభ్యత్వము జీవితాంతపు సేవగా భావింపబడును. 1948లో ఆంహర్‌స్ట్ కళాశాలయందలి 'ఫై కప్పా సై' శాఖ ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకొనగా కేంద్రసంఘము ఆ శాఖను తొలగించెను. శాఖవారు తమ మాట తప్పక వేరుగా నిలిచిరి. దక్షిణాసియా విద్యార్థులును 1994లో బింగ్‌హామ్‌టన్‌లో 'అయోటా న్యూ డెల్టా' అను తమ సంఘమును ఏర్పరచుకొనిరి.

ఇంతకంటె ఘోరమైన దోషము 'హేజింగు'. పరీక్ష యను పేర నూతన సభ్యులను అవమానించుట, నిద్ర మాన్పించుట, బలవంతముగా మద్యము త్రాగించుట దీని రూపములు. మనము ర్యాగింగు అనునదియే ఇది. దీనిని నిషేధించుచు ఆంధ్రప్రదేశమున 1997లో చట్టము వచ్చినది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమున 2017 ఫిబ్రవరిలో, చేరికనాటి రాత్రి విపరీతముగా మద్యము త్రాగింపబడిన పందొమ్మిదేండ్ల విద్యార్థి మెట్లపైనుండి పడిపోయెను. మరునాటి ఉదయము వరకు ఎవ్వరును వైద్యసహాయమునకై పిలువలేదు. అతడు మరణించెను. సోదరులని పిలిపించుకొన్నవారి నడుమ జరిగిన దిది. 2018లో ఆ రాష్ట్రము చేసిన చట్టము శిక్షలను కఠినము చేయుటయే కాక, హేజింగు జరిగిన సంఘముల ఆస్తిని జప్తు చేయు అధికారమును న్యాయస్థానముల కొసగినది. 2024 డిసెంబరులో వచ్చిన కేంద్ర చట్టము ప్రకారము ఇట్టి సంఘటనలను కళాశాలలు బహిరంగముగా ప్రకటింపవలెను.

ఇచ్చటనే పూర్వ విద్యార్థుల పాత్ర పరీక్షకు నిలుచును. 'మా కాలమునను ఇట్లే జరిగినది, మాకేమైనది?' అని పెద్దలు నవ్వి ఊరకున్నచో దురాచారము తరము నుండి తరమునకు వారసత్వముగా దిగును. ఇంటి తాళములు తమ చేతనున్నవి గావున 'ఇది మా ఇంట జరుగరాదు' అని శాసించినచో ఆగును. విలియమ్స్ కళాశాల ధర్మకర్తలు 1962లో విద్యార్థుల వసతి భోజనములను సోదర సంఘముల చేతినుండి తప్పింప నిశ్చయించినప్పుడు పూర్వ విద్యార్థులు పలువురు తీవ్రముగా ప్రతిఘటించిరి. అయినను, తరువాతి కాలమున అచ్చటి సంఘ భవనములు పెక్కు కళాశాల ఉపయోగమునకే వచ్చినవి.

బిడ్డ అట్టి ఆహ్వానము వచ్చినదని చెప్పినప్పుడు వెంటనే వలదనుటయు, వెంటనే సరే యనుటయు మంచిది కాదని మా అభిప్రాయము. ఖర్చు ఎంత, సలహాదారెవరు, ఆ శాఖపై కళాశాల వారు ఏదైన చర్య తీసికొనిరా అని అడుగవలెను. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి: ఆ ఇంట ఒకడు అర్ధరాత్రి అస్వస్థుడైనచో, సంఘము పేరు చెడునని వెరవక వైద్యునికి కబురు పంపువాడు ఎవడైన కలడా? కలడన్నచో అది నిజముగా సోదర సంఘమే.